ఆలస్యంగా వచ్చిన రెండో గొంతు

రియాక్టరు లోపలికి ఒక మనిషి దిగితే బయట మ్యాన్‌హోల్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. బయటి మనిషి పిలుస్తూ ఉండాలి, లోపలి మనిషి పలుకుతూ ఉండాలి. ముప్పై ఏళ్ళకు పైగా కాజీపల్లి వైపు మందుల కంపెనీల్లో ఫిట్టరుగా, తర్వాత మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేసిన నేను కొత్తగా చేరేవాళ్ళకు చెప్పగలిగింది ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు.

అయితే ఆ పిలుపునూ ఆ పలుకునూ నేను, నాతో పనిచేసిన ఒకాయన మాకు నచ్చినట్టు మార్చుకున్నాం. దానివల్ల ఒకరోజు ఆయన ప్రాణం మీదికి వచ్చింది. ఆయన ఉన్నన్నాళ్ళు ఈ సంగతి రాయలేదు. మొన్న వానాకాలంలో ఆయన పోయారు. పేర్లు రాయను. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి, ఇక్కడా అన్న అనే రాస్తాను.

అన్నది సంగారెడ్డి. వాళ్ళ నాన్న ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడ పనిచేసిన విదేశీ నర్సమ్మ తన దేశం వెళ్ళిపోతూ ఒక టేప్ రికార్డరు, ఒక డబ్బా నిండా క్యాసెట్లు వాళ్ళింట్లో ఇచ్చి వెళ్ళింది. దాదాపు అన్నీ చర్చి పాటలే. ఒక్కటి మాత్రం వేరు. అమెరికాలో దక్షిణాదిన పుట్టిన పాత బ్యాండు సంగీతం, డిక్సీలాండ్ అంటారు. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ మూడూ ఒకేసారి మూడు దారుల్లో పోతుంటాయి, ఒకదాన్నొకటి గుద్దుకోవు. ఆ క్యాసెట్‌లో వాటి మధ్య ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు ఉండేవి. అతను ఒక వరుస పాడతాడు, ఆమె జవాబు చెబుతుంది. అతనిది బొంగురు గొంతు, ఆమెది తేలికైన గొంతు. పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది కానీ ఇద్దరికీ ఆ పోట్లాట అయిపోవడం ఇష్టం లేదని వింటే తెలుస్తుంది.

అన్న చర్చిలో పాడేవాడు. నాకు సంగీతం తెలియదు. పుస్తకాలు చదివే అలవాటు ఉండేది, అంతే. కంపెనీ బస్సు సంగారెడ్డిలో బయలుదేరేది. అన్న కిటికీ పక్కన కూర్చుని పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టి ఉంచేవాడు. నేను కందిలో ఎక్కి ఆ డబ్బా తీసి కూర్చునేవాణ్ణి. పటాన్‌చెరు దాటి కంపెనీ గేటు చేరేదాకా చిన్న వాక్‌మన్‌లో ఆ క్యాసెట్ వినేవాళ్ళం. ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో.

క్యాసెట్ నిండా గరగర. రేకుల మీద వాన పడుతున్నట్టు ఉండేది. దాని కింద ఎక్కడో పాట. అందులో ఒక లోపం మమ్మల్ని సతాయించేది. ఆమె జవాబు ప్రతిసారీ కొంచెం వెనకబడేది. బ్యాండు ఒకచోట ఉంటే ఆమె అర అడుగు వెనక ఉండేది.

"టేపు సాగింది తమ్మీ," అనేవాడు అన్న. "పాతదాయె. గట్లనే ఉంటది."

మేమిద్దరం ఫిట్టర్లం. సాగిందని తెలిసి ఊరుకోలేదు. వాక్‌మన్ రబ్బరు బెల్టు మార్చాం. స్పిరిట్‌తో హెడ్ తుడిచాం. ఒక ఆదివారం వాళ్ళింట్లో క్యాసెట్ స్క్రూలు విప్పి టేపును వేరే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించాం. వదిన చాయ్ తెచ్చి, "కంపెనీల మోటర్లు సాలలేదా, ఇంట్ల కూడ ఇప్పుకుంట కూసున్నరు," అంది. ఏం చేసినా ఆమె ఆలస్యంగానే వచ్చేది. ఏళ్ళ తరబడి దాన్ని లోపంగానే విన్నాం.

తర్వాత టీచరుగా పనిచేసే అన్న కూతురు అవే పాటలను నాన్న ఫోన్‌లో ఎక్కించి ఇచ్చింది. రీమాస్టర్ చేసినవి అని చెప్పిందట. అంటే మొదట రికార్డు చేసిన టేపుల దగ్గరికి మళ్ళీ వెళ్ళి, గరగర తీసేసి, గొంతులు నలగకుండా కొత్తగా తయారుచేసినవి. మర్నాడు పొద్దున బస్సులో విన్నాం. వాన వెలిసినట్టయింది. వాక్‌మన్‌లో రెండు చెవుల్లోనూ ఒకటే వినిపించేది. ఇక్కడ నా చెవిలో ఎక్కువగా అతను, అన్న చెవిలో ఎక్కువగా ఆమె. క్లారినెట్ వాయించే మనిషి వేళ్ళ కింద మీటలు ఆడే చప్పుడు కూడా వినిపించింది.

ఆమె వంతు వచ్చింది. అన్న నా మోచేయి పట్టుకున్నాడు. ఇయర్‌ఫోన్లు మార్చి తనది నా చెవిలో పెట్టాడు. "ఇను," అన్నాడు.

విన్నాను. అతను వరుస ముగించకముందే ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. అంటే సరైన సమయానికే ఆమె సిద్ధంగా ఉంది. ఊపిరి పట్టుకుని ఆగింది. బ్యాండును ఒక అడుగు ముందుకు పోనిచ్చింది. అప్పుడు వచ్చింది. ఆ ఆగినంతసేపు అతను సన్నగా నవ్వాడు. క్యాసెట్‌లో ఆ నవ్వు మాకు ఎన్నడూ వినపడలేదు.

"టేపు సాగలేదుర," అన్నాడు అన్న. "ఆమెనే సతాయిస్తున్నది. మనం ఇన్నేండ్ల సంది కరాబ్ కానిదాన్ని రిపేర్ చేసినం."

ఇద్దరం పటాన్‌చెరు దాకా నవ్వుతూనే ఉన్నాం. ముందు సీటాయన తిరిగి చూశాడు. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా బస్సు దిగిన రోజులు తక్కువ. లోపం అనుకున్నది లోపం కాదని తేలితే ఫిట్టరుకు కలిగే తేలికదనం వేరు. ఆ పాఠం నా తలలో బాగా దిగిపోయింది. దిగకుండా ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

గేటు దగ్గర ఫోన్లు ఇచ్చేయాలి. లోపల మాకు మిగిలేవి మా గొంతులే. రియాక్టరులోకి దిగే పని వచ్చినప్పుడు చాలాసార్లు అన్న లోపల, నేను బయట. పది నిమిషాలు "అన్నా", "ఆఁ" అనుకున్నాక ఎవరికైనా విసుగొస్తుంది, పిలుపు ఆగిపోతుంది. ప్రమాదం అక్కడే ఉంటుంది. అందుకని మేం పాడుకోవడం మొదలుపెట్టాం. నేను మగ గొంతు వరుస, అన్న లోపలినుంచి ఆడ గొంతు జవాబు. ఇంగ్లీషు మాటలు సగం తెలియవు, కూనిరాగమే. అన్నది ఖంగుమనే పెద్ద గొంతు, మనిషి కూడా భారీ. ఆ గొంతును సన్నం చేసి, ఆమెలాగే ఆగి, వెనకపడి వచ్చేవాడు. లోపల గాజు పూత ఉన్న రియాక్టరు కాబట్టి గొంతు గుండ్రంగా పైకి వచ్చేది.

"ఇగ మీ ఇద్దరికి పెండ్లి జెయ్యాలె," అనేవాడు వెల్డరు. "పెండ్లికూతురు పైకి రాదంట, జెర గుంజుండ్రి."

సేఫ్టీ ఆఫీసరుకు తెలుసు. ఆయన కాసేపు నిలబడి విని, "పాటైనా పర్వాలేదు, ఆపకుంటే చాలు," అని వెళ్ళిపోయాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. మేము ఆపలేదు.

ఆ రోజు జనరల్ షిఫ్టు. ఒక రియాక్టరు లోపల గాజు పూత ఒకచోట పెచ్చు లేచింది. దాన్ని గీకి, మందు పెట్టి పూడ్చాలి. ఆ పనికి అన్న కంటే మంచి చెయ్యి మా ప్లాంటులో లేదు. పొద్దున అన్నీ పద్ధతిగా జరిగాయి. రియాక్టరు కడిగారు, గాలి కొట్టారు, మీటరు దింపి లోపల ప్రాణవాయువు సరిగా ఉందని చూశారు. పైపులన్నిటికీ మధ్యలో ఇనుప బిళ్ళలు వేసి మూశామని కాగితం మీద టిక్కులు పెట్టారు. పర్మిట్ మీద సంతకాలయ్యాయి. అన్న నడుముకూ భుజాలకూ బెల్టు కట్టుకుని, తాడు తగిలించుకుని దిగాడు. మ్యాన్‌హోల్ మీద మూడుకాళ్ళ స్టాండు, దానికి తాడు చుట్టే చేతి మర.

గీకడం అయ్యాక అన్న పైకి వచ్చాడు, ఇద్దరం చాయ్‌కి వెళ్ళాం. చాయ్ తాగి మళ్ళీ దిగేముందు మీటరు మళ్ళీ దింపి చూడాలి. అది నియమం. ఆ నియమాన్ని అడగాల్సింది బయటి మనిషి, అంటే నేను. మీటరు వేరే బ్లాకుకు పోయింది.

"రానీ అన్నా, ఆగుదాం," అన్నాను.

"పొద్దున సూసిండ్రు కద. పది నిమిషాల పని ఉన్నది. మందు ఎండకముందే పూయాలె. ఆ ప్రొడక్షన్ సారు రెండుసార్లు వచ్చి నా మొఖం సూసిపోయిండు."

"సరే," అన్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు ఆ మాట.

మేం చాయ్ తాగుతున్నప్పుడు పక్క సెక్షన్‌లో పని ముగిసి నైట్రోజన్ లైను మళ్ళీ తెరిచారని తర్వాత తెలిసింది. మా రియాక్టరుకు వచ్చే నైట్రోజన్ పైపుకు ఇనుప బిళ్ళ వేయలేదు, వాల్వు మాత్రం కట్టేసి టిక్కు పెట్టారు. ఆ వాల్వు పాతది, సన్నగా లీకవుతోంది. నైట్రోజన్‌కు వాసన లేదు, మంట లేదు, దగ్గు రాదు. ఊపిరి మామూలుగానే ఆడుతుంది. ఆ ఊపిరిలో మనిషికి పనికొచ్చేది తగ్గిపోతూ ఉంటుంది. లోపలున్నవాడికి హాయిగానే ఉంటుంది. కొత్తవాళ్ళు ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

నేను పాడాను. అన్న జవాబిచ్చాడు, ఎప్పటిలాగే. మళ్ళీ పాడాను. జవాబు కొంచెం ఆగి వచ్చింది. మూడోసారి ఇంకొంచెం ఆగి వచ్చింది. నేను మ్యాన్‌హోల్ మీదికి వంగి నవ్వాను. ఆ రికార్డులో ఆమె ఆగేదానికంటే ఎక్కువ ఆగుతున్నాడు, అయినా వరుస జారిపోవడం లేదు. మీటింది ఎక్కడో, మోగింది ఎక్కడో అన్నట్టుంది. ఇంత బాగా ఎన్నడూ పాడలేదనుకున్నాను. మందు పూసే గరిటె చప్పుడు ఆగిపోయింది. పాట మీద మనసు పెట్టడానికి చెయ్యి ఆపాడనుకున్నాను. నాలుగోసారి పాడాను. ఎంతో సేపటికి జవాబు వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట దాచడానికి వీల్లేదు, అందుకే రాస్తున్నాను. అక్కడ ఒక మనిషి పోతున్నాడు, నేను ఆనందిస్తున్నాను.

పక్క ప్లాట్‌ఫాం మీద డ్రమ్ములు విప్పుతున్న ఒడిశా అతను ఒకడు ఉన్నాడు. కాంట్రాక్టు మీద వచ్చినవాడు. మా పాటంటే అతనికి గోల. తల ఎత్తి, "చాచా థక్ గయే క్యా?" అన్నాడు. "బహుత్ ధీరే బోల్ రహే." అలిసిపోయాడా, చాలా మెల్లగా పలుకుతున్నాడు అని.

"నహీ భై, గానా హీ ఐసా హై," అన్నాను. పాటే అంత అని.

అతను పానా కింద పెట్టాడు. "ముఝే తో లగా, నీంద్ ఆ రహీ హై."

నిద్ర వస్తున్నట్టుంది అన్నాడు. అతనికి పాట తెలియదు. అందుకే అతనికి మనిషి వినిపించాడు.

మళ్ళీ పాడాను. ఈసారి పాట కోసం వినలేదు, ఊపిరి కోసం విన్నాను. రికార్డులో ముందు ఊపిరి, తర్వాత ఆగడం, తర్వాత గొంతు. కింద నుంచి ముందు ఏమీ రాలేదు. ఖాళీ. చాలా సేపు ఖాళీ. అప్పుడు ఎగశ్వాసలాంటి ఒక ఊపిరి, దానివెంట రాగంలో ఒక ముక్క. ఆయన ఆగడం లేదు. ఆయనకు అందడం లేదు.

"అన్నా, పైకి రా," అని అరిచాను. జవాబుగా ఇంకో వరుస వచ్చింది, అది ఆ చోట రావాల్సింది కాదు. టార్చి వేశాను. అన్న రియాక్టరులో సరుకు కలిపే గిలక రెక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల పైకెత్తి వెలుగులోకి చూస్తున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

అప్పుడు నేను చేసింది ఏ పుస్తకంలోనూ చేయమని ఉండదు. కుడికాలు మ్యాన్‌హోల్ లోపల పెట్టాను. దిగబోయాను. ఒడిశా అతను వెనకనుంచి నా బెల్టు పట్టుకుని లాగాడు. "అందర్ నహీ చాచా, దోనో జాయేంగే." ఇద్దరూ పోతారు అని. ఇలాంటి చోట్ల ఒకరి కోసం దిగి రెండోవాడు పోవడం నేను విన్నదే. విన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు. నా వయసులో సగం ఉన్న మనిషి గుర్తు చేయాల్సి వచ్చింది.

మర తిప్పాం. తాడు బిగిసింది, ఆగింది. లోపల గిలక రెక్క కింద చిక్కుకుంది. ఇంకా తిప్పితే ఆయన్ని రెక్కకేసి నొక్కుతుంది. తాడు వదలాలి. పైకి రావాల్సిన మనిషిని ఇంకాస్త కిందికి దించాలి. అతను మర పట్టుకుని నా వైపు చూశాడు. "ఛోడ్," అన్నాను. తాడు వదులైంది. అన్న ఒరిగిపోయిన చప్పుడు వినపడింది.

"అన్నా, ఎడమకు జరుగు. నా మాట ఇను. ఎడమకు."

ఏమీ రాలేదు. పాట లేదు, ఊపిరి లేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని పక్కకు విసిరాను. రాలేదు. మళ్ళీ విసిరాను. మూడోసారి రెక్క మీదుగా జారి వచ్చింది. అతను మర తిప్పాడు, నేను తాడు మ్యాన్‌హోల్ అంచుకు రాసుకోకుండా మధ్యలో పట్టుకున్నాను. మొదట తల వచ్చింది. భుజాలు ఇరుక్కున్నాయి. అంత మనిషి. చంకల కింద చేతులు పెట్టి లాగాం. ప్లాట్‌ఫాం ఇనుప జాలీ మీద పడుకోబెట్టాం. పెదవులు నేరేడుపండు తిన్నవాడిలా ఉన్నాయి. అలారం మోగుతోంది, ఎవరు కొట్టారో తెలియదు. ఎవరో సిలిండరు తెచ్చి మాస్కు ముక్కుకు పెట్టారు. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఎంతసేపో నేను చెప్పలేను. విచారణలో ఎవరో నిమిషాలు రాశారు, అవి నావి కావు.

ఛాతీ లేచింది. దగ్గాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి, మాస్కు పక్కకు తోసి, "ఏందిర గట్ల గుంజినవ్," అన్నాడు. "పాట కాలే ఇంక."

విచారణ జరిగింది. బిళ్ళ వేయకుండా టిక్కు పెట్టినందుకు ఒకరిని, మీటరు చూడనందుకు మమ్మల్ని మందలించారు. నా వాంగ్మూలంలో ఇలా రాశాను: లోపలి వ్యక్తి జవాబులు నెమ్మదించినట్టు గమనించి వెంటనే బయటికి తీశాను. ఆ 'వెంటనే' అబద్ధం. నెమ్మదించాక మూడుసార్లు విన్నాను, విని సంతోషించాను. అది రాయలేదు. ఒడిశా అతని మాటా రాయలేదు. అతను కంపెనీ మనిషి కాదు, అతని పేరు ఎక్కడా ఎక్కలేదు, కొన్నాళ్ళకు ఊరెళ్ళిపోయాడు. సకాలంలో స్పందించినందుకు అభినందిస్తూ కంపెనీ నాకు ఒక పత్రం ఇచ్చింది. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. సకాలంలో అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చాయ్ తాగుతున్నప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

ఆ తర్వాత మా ప్లాంటులో పాట ఆగిపోయింది. లోపలి మనిషి వంద నుంచి వెనక్కి లెక్కపెడుతూ పలకాలని నియమం పెట్టాం, దాన్ని రాసింది నేనే. అంకె తప్పితే తాడు లాగాలి, అంకె ఆలస్యమైతే లాగాలి, బాగుందనిపించినా లాగాలి. ఆ చివరి ముక్క సేఫ్టీ ఆఫీసరుకు అర్థం కాక కొట్టేశాడు. కొత్తవాళ్ళు లోపలినుంచి అంకెలు చదువుతుంటే స్కూలు పిల్లల్లా ఉండేది. అన్న రిటైరయ్యేదాకా మళ్ళీ రియాక్టరులోకి దిగాడు, మామూలుగానే. బస్సులో ఇయర్‌ఫోన్ ఇచ్చేవాడు. నేను తలనొప్పి అనేవాణ్ణి. ఆయన బలవంతం చేయలేదు.

ఈ ఎండాకాలం ఆయనకు గుండె బలహీనపడిందని కబురు వస్తే సంగారెడ్డి వెళ్ళాను. మంచానికి దిండ్లు ఆనించి కూర్చున్నాడు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి వెళ్ళింది. అప్పుడు చెప్పాను. జవాబు ఆలస్యమవుతుంటే నాకు భయం వేయలేదని, బాగుందనిపించిందని, నవ్వానని. ఇన్నేళ్ళు దాచానని.

ఆయన దిండు మీద తల వెనక్కి వాల్చాడు. ఆయాసం వల్లో, మరెందుకో.

"నాకు తెల్సు," అన్నాడు.

"ఎట్ల తెల్సు?"

"కండ్లు తెరిసే ఉన్న కద. మీద గుండ్రంగ వెలుగు, అండ్ల నీ మొఖం. నవ్వుతున్నవ్. జెర తల తిరుగుతున్నట్టు అయింది, పైకొద్దామనుకున్న. నువ్వు నవ్వుతున్నవ్ గద, మంచిగనే పాడుతున్న అనుకున్న. మంచిగ పాడుతున్న అంటే మంచిగనే ఉన్న అనుకున్న." ఊపిరి అందుకున్నాడు. "నువ్వు నా పాట ఇని మోసపోయినవ్. నేను నీ మొఖం సూసి మోసపోయిన. లెక్క సరిపాయె. ఇగ చాయ్ తాగు, సల్లారుతది."

చాయ్ తాగాను. ఆయన దిండు కింది నుంచి ఫోను, ఇయర్‌ఫోన్లు తీశాడు. ఎప్పుడూ తనే పెట్టుకునే కుడివైపుది నాకిచ్చి, ఎడమది తను పెట్టుకున్నాడు. "ఇయ్యాల నువ్వు ఆమె పాట పాడు. నాకు ఊపిరి సాలదు," అన్నాడు. ఆయన మగ గొంతు వరుసకు పెదవులు కదిపాడు. నేను ఆమె చెప్పాల్సిన చోట ఆగి, జవాబు చెప్పాను. సరిగా రాలేదు.

"తొందరవడ్డవ్," అన్నాడు అన్న.

ఆయన పోయాక కూతురు ఆ ఫోను నాకు ఇచ్చి వెళ్ళింది. పొద్దున హాల్లో ఆ పత్రానికి వీపు పెట్టి కూర్చుని రెండు ఇయర్‌ఫోన్లూ నేనే పెట్టుకుని వింటున్నాను. ఇన్నేళ్ళలో ఇద్దరి గొంతులూ పూర్తిగా నేను వినడం ఇప్పుడే. గరగర లేదు. అతను వరుస ముగించబోతుంటే నా కుడిచెయ్యి దానంతటదే తాడు పట్టుకున్నట్టు బిగుస్తుంది. ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడుతుంది. అప్పుడు చెయ్యి వదిలి, ఆమె ఎంతసేపు ఆగుతుందో అంతసేపూ ఆగుతాను.